1820 రాజీ ముప్పై ఏళ్లు నిలబడితే, 1850 రాజీ నాలుగేళ్లకే ఎందుకు చీలిపోయింది?

మేడిచెట్టు: అమెరికా అంతర్యుద్ధానికి ముందు జరిగిన రాజీల తేదీలు వచ్చేశాయి గానీ, ఒకదానికొకటి ఎలా ముడిపడ్డాయో అంతు చిక్కడం లేదు. పైగా గొడవ బానిసత్వం గురించి కాదు, రాష్ట్రాల హక్కుల గురించి అని కొందరంటారు. అందులో నిజమెంత?

పాతపటం: ముందు సెనేట్ లెక్క చూడండి. 1819లో బానిస రాష్ట్రాలు 11, స్వేచ్ఛా రాష్ట్రాలు 11. జనాభా ఉత్తరాన పెరిగిపోతుండటంతో ప్రతినిధుల సభలో దక్షిణాదికి పట్టు జారింది. బానిసల్లో ఐదింట మూడొంతుల మందిని సీట్ల లెక్కలో కలుపుకున్నా చాలలేదు. ఇక మిగిలిన అడ్డుకట్ట, జనాభాతో పనిలేకుండా రాష్ట్రానికి ఇద్దరేసి సభ్యులుండే సెనేటే. అందుకే 1820 రాజీలో మిస్సోరిని బానిస రాష్ట్రంగా తీసుకుంటూ, మసాచుసెట్స్ నుంచి మెయిన్‌ను విడదీసి స్వేచ్ఛా రాష్ట్రంగా జత చేశారు. మిస్సోరి తప్ప, 36°30′ అక్షాంశానికి ఉత్తరాన బానిసత్వం ఉండకూడదన్నారు. ఆ గీత గీసింది మాత్రం ఫ్రాన్స్ దగ్గర కొన్న లూసియానా భూమికే. 1848లో మెక్సికో నుంచి వచ్చిన భూమికి ఆ గీత వర్తించదు. తగాదా అక్కడ మళ్లీ మొదలైంది. 1850 రాజీలో కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రంగా చేరడంతో లెక్క 16–15 అయింది.

దస్తావేజు: దానికి బదులుగా దక్షిణాది రాబట్టుకున్నది పారిపోయిన బానిసల చట్టం. అసలు విషమంతా అందులోనే ఉంది. పట్టుబడిన మనిషికి జ్యూరీ విచారణ లేదు, తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకునే వీలూ లేదు. విచారించే ఫెడరల్ అధికారి, అంటే కమిషనర్, అతన్ని యజమానికి అప్పగిస్తే ఫీజు 10 డాలర్లు, విడిచిపెడితే 5. తేడా కాగితాల పని ఎక్కువ కాబట్టి అన్నారు, ఎవరు నమ్ముతారు? ఆశ్రయమిచ్చినవాళ్లకు 1,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. అప్పటిదాకా బానిసత్వం ఎక్కడో దక్షిణాది సంగతి అనుకున్న ఉత్తరాది జనం, తమ వీధిలోనే మనిషిని కట్టి తీసుకెళ్లడం చూశారు.

రాష్ట్రాల హక్కుల మాటా ఇక్కడే తేలిపోతుంది. ఈ చట్టం చెల్లదని తీర్పిచ్చింది విస్కాన్సిన్ సుప్రీంకోర్టు, అంటే ఉత్తరాది రాష్ట్రం. 1859లో ఆ తీర్పును కొట్టేసింది ఫెడరల్ సుప్రీంకోర్టు. దక్షిణాది ఏ పక్షాన నిలిచిందో వేరే చెప్పాలా?

పాతపటం: 1854 సంగతి కూడా చెప్పేస్తాను. ఇల్లినాయ్ సెనేటర్ స్టీఫెన్ డగ్లస్‌కు పడమటికి రైలు మార్గం కావాలి, దానికి దక్షిణాది ఓట్లు కావాలి. అందుకని కాన్సస్-నెబ్రాస్కా చట్టంతో 36°30′ గీతను చెరిపేసి, ఇంకా రాష్ట్రం కాని కాన్సస్‌లో బానిసత్వం ఉండాలో వద్దో అక్కడి జనమే తేల్చుకుంటారన్నాడు. ఎప్పుడు తేల్చుకోవాలో చట్టంలో స్పష్టంగా లేదు. కాన్సస్ 1855 జనాభా లెక్కలో అర్హులైన ఓటర్లు 2,905 మంది. మార్చి 30న శాసనసభ ఎన్నికలో పడిన ఓట్లు 6,307! బానిసత్వం కావాలనేవాళ్లు మిస్సోరి నుంచి గుంపులుగా సరిహద్దు దాటి వచ్చి ఓట్లేశారు. అలా ఏర్పడిన శాసనసభను బానిసత్వం వద్దనే పక్షం గుర్తించక పోటీ ప్రభుత్వం పెట్టుకుంది, తుపాకులు లేచాయి. ఉత్తరాన, దక్షిణాన రెండు చోట్లా ఉన్న విగ్ పార్టీ చెదిరి, బానిసత్వ విస్తరణను ఎదిరించే రిపబ్లికన్ పార్టీ పుట్టింది. అసలు టెరిటరీల్లో, అంటే ఇంకా రాష్ట్రాలు కాని ప్రాంతాల్లో, బానిసత్వాన్ని నిషేధించే అధికారమే కాంగ్రెస్‌కు లేదని 1857లో డ్రెడ్ స్కాట్ అనే బానిస కేసులో ఫెడరల్ సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక రాజీకి చోటే మిగల్లేదు.

మేడిచెట్టు: మరి దేశం నుంచి విడిపోయినప్పుడు దక్షిణాది వాళ్లు ఏ కారణం రాసుకున్నారు?

దస్తావేజు: దక్షిణ కరోలినా 1860 డిసెంబరు 20న విడిపోయింది. నాలుగు రోజులకు విడుదలైన ప్రకటన చదవండి. పారిపోయిన బానిసల్ని తిరిగి అప్పగించడం లేదని ఉత్తరాది రాష్ట్రాలను పేరుపేరునా ఏకరువు పెట్టారు. బానిసను వెంటబెట్టుకుని న్యూయార్క్ మీదుగా వెళ్లే హక్కును సైతం ఆ రాష్ట్ర కోర్టులు కాదన్నాయని అందులో ఒక ఫిర్యాదు. ఆ కోర్టులు అమలు చేసింది న్యూయార్క్ తన గడ్డ మీద తాను చేసుకున్న చట్టాన్నే మరి!