సికిల్ సెల్ ఉన్న తమ్ముడికి ఇ నెగెటివ్, కెల్ నెగెటివ్ రక్తం ఎక్కడ దొరుకుతుంది?

మాది దేవరకొండ దగ్గర. తమ్ముడికి 23 ఏళ్లు, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు), రక్తం గ్రూపు బి పాజిటివ్. మూడు నెలల క్రితం రాత్రి రెండున్నరకు తల పగిలిపోతోందని లేచాడు, రెండు వాంతులయ్యాయి, మాట ముద్దగా వచ్చింది. హైదరాబాద్‌లో సీటీ తీస్తే మెదడులో రక్తస్రావం. యాంజియోగ్రామ్‌లో మెదడు రక్తనాళాలు సన్నబడే మోయమోయ అనే జబ్బు వచ్చిందన్నారు. ఎక్స్ఛేంజ్ (ఒంట్లో రక్తం తీసి దాత రక్తం ఎక్కించడం) చేశాక హెచ్‌బీ ఎస్, అంటే సికిల్ రకం హిమోగ్లోబిన్, 82 నుంచి 28 శాతానికి దిగింది. దాన్ని 30 లోపే ఉంచాలి, నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలన్నారు.

రెండోసారి ఎక్కించాక ఎనిమిదో రోజున మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది. మేం ఎండదెబ్బ అనుకున్నాం, మా తెలివి! హిమోగ్లోబిన్ 9.2 నుంచి 6.5కి పడిపోయింది. పరీక్షలో యాంటీ-ఇ అనే యాంటీబాడీ తేలింది, అంటే ఇ ఉన్న రక్తం ఎక్కిస్తే ఒళ్లే దాన్ని నాశనం చేస్తుందట. ఇకపై గ్రూపు ఒక్కటే కలిస్తే చాలదట, ఎర్ర రక్తకణాల మీద ఉండే సి, ఇ, కెల్ అనే గుర్తులు (యాంటిజెన్లు) కూడా చూసి ఇవ్వాలట.

నల్గొండలో రెండు బ్లడ్ బ్యాంకులు తిరిగాను. గ్రూపు, మామూలు క్రాస్ మ్యాచ్ (దాత రక్తం రోగి రక్తానికి సరిపడుతుందో చూసే పరీక్ష) వరకే చేస్తామన్నారు. ఊరి నుంచి బి పాజిటివ్ పిల్లలు ఆరుగురు వస్తామన్నా, వాళ్లకు ఈ పరీక్ష చేసేవాళ్లు దొరకలేదు. మహబూబ్‌నగర్‌కు ఫోన్ చేసినా అదే మాట. తర్వాతి డోసుకు ఇంకా తొమ్మిది రోజులే ఉంది, టెన్షన్‌గా ఉంది.

హైదరాబాద్‌లో గానీ మన వైపు గానీ, ఇలా సి, ఇ, కెల్ కలిపి చూసి నెలనెలా రక్తం ఇచ్చే బ్లడ్ బ్యాంకు మీలో ఎవరికైనా తెలుసా?