అప్‌డేట్: పాత పత్రికల్లో ‘చందా’ చిక్కు విడింది

1930ల నాటి వార్తల జిరాక్సులను టైపు చేస్తుండగా ‘చందా’ అనే మాట ఒక్కోచోట ఒక్కో అర్థంలో కనబడుతోందని, వాటిలో ‘చందాకు పోవు రైలు’ అన్న వాక్యం బొత్తిగా అంతుపట్టడం లేదని ఇక్కడ అడిగాను. బదులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

‘ఊరి పేరేమో చూడండి’ అన్న సూచనే సరైనదని తేలింది. హైదరాబాదు సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గ్రంథాలయంలో కలిసిన, పాత పత్రికలతో బాగా పరిచయమున్న ఒక పెద్దాయన జిరాక్సు చూడగానే, నేటి మహారాష్ట్రలోని చంద్రపూర్‌ను అప్పట్లో ‘చాందా’ అనేవారని, 1929లో కాజీపేట నుంచి చాందా దగ్గరి బల్హర్షా వరకు రైలు మార్గం పూర్తయింది కనుక అటువైపు వార్తలు మన పత్రికలకెక్కడం సహజమేనని చెప్పారు. భూతద్దం పెట్టి చూస్తే ‘చ’ పక్కన చెరిగిపోయిన దీర్ఘం జాడ కనిపించింది. అందువల్ల ఇది అచ్చుతప్పేమోనని ఇక్కడ వచ్చిన వాదన నిలవలేదు.

మిగిలిన వాక్యాలు క్రియను బట్టి తేలిపోయాయి. ‘చందా పంపవలెను’ అన్నది పత్రిక వెల, ‘చందాలు పోగుచేసిరి’ అన్నది విరాళం, కాంగ్రెసు వార్తల్లోని ‘నాలుగణాల చందా’ సభ్యత్వ రుసుము. మన గల్లీల్లో వినాయక చవితికి వసూలు చేసేది ఈ రెండో రకమే.

‘చందా’ మాట పారసీ వ్యుత్పత్తిపై ఇక్కడ సాగిన చర్చ ఆసక్తికరమే గాని, ఈ చిక్కుకు దానితో పనిపడలేదు. చాందా జిల్లా వార్తలు మరికొన్ని ఉన్నాయి, వాటిలో దీర్ఘం స్పష్టంగానే ఉంది.