థ్రాటిల్ బాడీ కడిగాక ఐడ్లింగ్ 1600 నుంచి దిగట్లేదు

నాది 2008 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, కేబుల్ థ్రాటిల్ (యాక్సిలరేటర్ నొక్కితే తీగ లాగి తెరిచేది). పోయిన ఆదివారం థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే భాగం) విప్పి క్లీనర్‌తో కడిగాను. లోపల తెరుచుకుని మూసుకునే గుండ్రటి పలక, అంటే బటర్‌ఫ్లై, అంచు చుట్టూ తారులా పేరుకున్న నల్లటి మసి మొత్తం పోయింది. థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పే పొజిషన్ సెన్సార్‌కి క్లీనర్ తగలనివ్వలేదు కానీ, విప్పేముందు అది ఎక్కడ ఉందో గీత గీసి గుర్తు పెట్టుకోలేదు. దాని స్క్రూ రంధ్రాలు పొడుగ్గా ఉన్నాయి, అటూ ఇటూ జరుగుతుంది. అదే నా టెన్షన్.

అప్పటినుంచి ఇంజిన్ వేడెక్కాక, ఏసీ ఆపినా ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ నొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) 1600 ఆర్‌పీఎం. ఇంతకుముందు 800 ఉండేది. పంజాగుట్ట సిగ్నల్‌లో న్యూట్రల్‌లో ఆగితే 1200, 1800 మధ్య ఊగుతోంది.

కొత్త గ్యాస్కెట్ వేశాను. బ్యాటరీ నెగటివ్ అరగంట తీసి ఉంచాను. కేబుల్ బిగుతుగా లేదు, గాలి లీక్ కూడా కనబడలేదు. సెన్సార్‌కి వోల్ట్ మీటర్ పెడితే థ్రాటిల్ మూసినప్పుడు 0.98 వోల్టులు, పూర్తిగా తెరిస్తే 4.6.

పాత గుర్తు లేనప్పుడు ఈ సెన్సార్‌ను, థ్రాటిల్ మూసి ఉండగా ఎన్ని వోల్టులు చూపేలా తిప్పి బిగించాలి?