వెనుక నడిచే యాప్‌లను తోసివేయడం మేలా, చేటా?

కాలువగట్టు (అమలాపురం):
పని కాగానే తెరిచిన యాప్‌లన్నింటినీ పైకి తోసివేయడం నాకు ఏళ్లనాటి అలవాటు. దానివల్ల బ్యాటరీ ఇంకా త్వరగా అయిపోతుందని మా అబ్బాయి వాదిస్తున్నాడు. వాడని యాప్ ర్యామ్‌లో, అంటే ఫోను నడుస్తున్నప్పుడు వాడుకునే మెమరీలో, కూర్చుంటే ఫోను మందగించదా?

వరిచేను (తణుకు):
ర్యామ్ ఖాళీగా ఉన్నంత మాత్రాన ఒరిగేదేమీ లేదండీ. ఇటీవలి యాప్‌ల వరుసలో కనిపించేవన్నీ నడుస్తున్నవి కావు. చాలావరకు మనం చివరిసారి చూసిన తెర తాలూకు బొమ్మలు. చోటు చాలనప్పుడు, చాలాసేపటి నుంచి ముట్టని యాప్‌ను ఆండ్రాయిడ్ తానే దించేస్తుంది. తోసేసినదాన్ని పది నిమిషాలకే మళ్లీ తెరిస్తే అది మొదటి నుంచి లోడవ్వాలి కనుక ప్రాసెసర్‌కు అదనపు పని. పైగా 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన డోజ్ పద్ధతి, ఫోను ఛార్జింగ్‌లో లేకుండా, తెర ఆరి, కదలకుండా ఉన్నప్పుడు యాప్‌ల పనులను వాయిదా వేస్తుంది.

కొబ్బరితోట (రాజోలు):
ఈ మాట కొత్త ఫోన్లకు చెల్లుతుంది. నాది 2 జీబీ ర్యామ్ ఫోను. మూడు యాప్‌లు తెరిస్తే కీబోర్డు కూడా ఆలస్యంగా వస్తుంది, తోసేస్తే తేలికవుతుంది. కళ్లారా చూస్తున్నదాన్ని కాదనలేను.

చెరువుగట్టు (ఆకివీడు):
కొబ్బరితోట గారి ఇబ్బంది నిజమే, కానీ అన్నింటినీ తోసేయడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. మా రొయ్యల చెరువు దగ్గర కరెంటు పోతే, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయని ఒక యాప్ ఫోనులో అలారం మోగిస్తుంది. నిరుడు వేసవిలో పడుకోబోతూ అలవాటుగా దాన్నీ తోసేశాను. కొన్ని కంపెనీల ఫోన్లు అలా తోసిన యాప్‌ను పూర్తిగా ఆపేస్తాయి. ఆ స్థితిలో ఉన్న యాప్‌కు మనం మళ్లీ తెరిచేదాకా ఏ సందేశమూ చేరదు. నాదీ అలాంటి ఫోనేనని ఆ రాత్రే తెలిసింది. నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయే తెల్లవారుజామున కాపలా మనిషి ఫోను చేసి లేపేసరికి, టార్చి వెలుగులో గట్టు పొడవునా రొయ్య తేలి కనిపించింది. జనరేటర్ వేసి చాలావరకు దక్కించుకున్నాం. మరునాడే సెట్టింగులలో ఆ ఒక్క యాప్‌కు బ్యాటరీ ఆంక్షలు తీసేశాను. అత్యవసరంగా గుర్తించి పంపిన సందేశాలు డోజ్‌లోనూ అందుతాయి. అడ్డుపడింది నా వేలే.

వరిచేను (తణుకు):
కొబ్బరితోట గారూ, సెట్టింగులలో బ్యాటరీ వినియోగం పేజీ తెరిచి, వెనుక ఎక్కువసేపు నడిచినదేదో చూడండి. దాన్ని వెనుక నడవకుండా కట్టడి చేయండి, అక్కరలేకపోతే తీసేయండి. రోజూ తోసేయడంకన్నా అది నయం. ఐఫోను వాడేవారికి కూడా, యాప్ స్పందించనప్పుడే మూయమని యాపిల్ చెబుతుంది.

కాలువగట్టు (అమలాపురం):
ఆ పేజీ నేనూ చూశాను. నేను వారానికోసారైనా తెరవని ఒక షాపింగ్ యాప్ వెనుక గంటలకొద్దీ నడుస్తోంది, దాన్ని తీసేశాను. మిగతావాటిని రెండు రోజులుగా ముట్టుకోలేదు. మా అబ్బాయికి మాత్రం ఇంకా చెప్పలేదు.