ఎనిమిదేళ్ల పిల్లాడికి ఇంట్లో ఏ పనులు అప్పజెప్పొచ్చు?

నిజాంపేట అమ్మ:
మా బాబు మూడో తరగతి. స్నానం నేను చేయించాలి, అన్నం మా అత్తగారు కలిపి పెట్టాలి, బ్యాగు వాళ్ల నాన్న సర్దాలి. ఈ వేసవి సెలవుల్లో తన పనులు తను చేసుకోవడం అలవాటు చేద్దామనుకుంటున్నా. ఎక్కడ మొదలుపెట్టాలి? అత్తగారి మనసు నొచ్చుకోకుండా ఎలా? స్టవ్ దగ్గరికి ఇప్పుడే రానివ్వొచ్చా?

గుంటూరు నాన్న:
నిక్షేపంగా రానివ్వండి. మా పాప తొమ్మిదేళ్లకే స్టవ్ వెలిగించి ఆమ్లెట్ వేసింది. ఇప్పుడు ఆరో తరగతి. మేమిద్దరం డ్యూటీ నుంచి వచ్చేసరికి బియ్యం కడిగి కుక్కర్ పెట్టి, మూడు విజిల్స్ రాగానే కట్టేస్తుంది. ఆ పిల్లని చూస్తే నాకు ఎంత ధైర్యమో!

వేపచెట్టు:
ఇంట్లో పెద్దవాళ్లు లేనప్పుడు కుక్కరా? మా అక్క కొడుకు పాలగిన్నె దించబోయి తొడంతా కాల్చుకున్నాడు. కంగారులో ఎవరో టూత్‌పేస్ట్ రాసేశారు. అది రాయకూడదు, ఐసూ పెట్టకూడదు. చల్లటి కుళాయి నీళ్లు ధారగా 20 నిమిషాలు పోయాలి. పెద్దవాళ్లకే తెలియని విషయం పిల్లలకేం తెలుస్తుంది?

గుంటూరు నాన్న:
నేర్పితే తెలుస్తుంది. నేను స్టవ్ కంటే ముందు రెగ్యులేటర్ ఆపడం నేర్పాను. గ్యాస్ వాసన వస్తే స్విచ్ ముట్టుకోకూడదు, తలుపులు తీసి బయటికి వచ్చేయాలి, గ్యాస్ లీక్ హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చేయాలి. ఇవన్నీ మా పాప గడగడా చెబుతుంది.

వేపచెట్టు:
నంబర్ చెప్పినంత మాత్రాన మీద పడే ఆవిరి ఆగదు. కుక్కర్ మూత ప్రెషర్ పోకుండా లాగితే ఏమవుతుందో ఆలోచించండి. మీరు ఇంటికి వచ్చాక పక్కనుండి చేయించండి, ఎవరొద్దన్నారు?

గుంటూరు నాన్న:
నా పెంపకం మీద తీర్పు చెప్పడానికి మీరెవరండీ? మా పాప మీకంటే నాకు తెలుసు.

బడి టీచర్:
దయచేసి ఇద్దరూ ఆగండి. నేను పిల్లలు తమ చేతులతో చేసి నేర్చుకునే మాంటిసోరి పద్ధతిలో శిక్షణ తీసుకుని ఏళ్లుగా చిన్నపిల్లల మధ్యే ఉన్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నా. మరియా మాంటిసోరి 1907లో రోమ్‌లో మొదలుపెట్టిన బడిలోనే పిల్లల ఎత్తుకు తగ్గ బల్లలు, కుర్చీలు చేయించారు. 1939లో మద్రాసు అడయార్‌కి వచ్చి మన దేశం టీచర్లకూ స్వయంగా నేర్పారు. మూలసూత్రం ఒకటే, వస్తువు పిల్లాడి చేతికి అందాలి. కంచాలు కింది అరలో పెట్టండి. తువ్వాలు తగిలించే కొక్కెం కిందికి దించండి. పని ఒకసారి నెమ్మదిగా, మాట్లాడకుండా చేసి చూపించి పక్కకు తప్పుకోండి. మంట దగ్గర మాత్రం పెద్దవాళ్లు ఉండాల్సిందే.

కరీంనగర్ కోడలు:
అత్తగారి సంగతి ఎవరూ పట్టించుకోలేదు, అసలు చిక్కంతా అక్కడే. మా అత్తమ్మకు గోరుముద్దలు పెట్టడమే ప్రేమ. వద్దంటే చిన్నబుచ్చుకుంది. "మీరు పక్కన కూర్చొని కథ చెప్పండి అత్తమ్మా, వాడే తింటాడు" అన్నాను. కథ ఆగొద్దంటే ముద్ద నోట్లోకి పోవాలని ఆమెనే షరతు పెట్టింది. కిందపడ్డ మెతుకులు వాడే ఎత్తుతడు.

కాకినాడ పెద్దమ్మ:
అన్నం తినడం వరకు సరే. మగపిల్లాడి చేత చీపురు పట్టించడం, అంట్లు తోమించడం నాకు నచ్చదు. చదువుకునే వయసు.

హాస్టల్ అన్న:
పెద్దమ్మగారూ, నేను ఆ మగపిల్లాణ్ణే. ఇంటర్‌కి హాస్టల్లో చేరినప్పుడు మా గదిలో బట్టలు ఉతకడం వచ్చింది నాకొక్కడికే. మిగతావాళ్ల బట్టలు బకెట్లో నాని కంపు కొట్టేవి, ఆదివారం అమ్మానాన్నలు వచ్చి మూట కట్టుకుపోయేవారు. ఆ ఇబ్బందికి ఒకడు చదువు మధ్యలోనే ఇంటికి వెళ్లిపోయాడు. మా అమ్మ నాచేత ఇల్లు ఊడిపించింది, అంట్లు తోమించింది. నా ర్యాంకు ఏమీ తగ్గలేదు.

కాకినాడ పెద్దమ్మ:
నీకు చెల్లింది నాయనా. అందరికీ చెల్లదు.

కరీంనగర్ కోడలు:
ఆడపిల్లకు ఎందుకు చెల్లుతుంది మరి? ఆమెకు చదువు లేదా? నాకు ఒళ్లు మండుతోంది పెద్దమ్మా ఈ మాట వింటే.

నిజాంపేట అమ్మ:
కథ ఉపాయం రేపటి నుంచే మొదలుపెడతా. స్టవ్ ఇప్పుడే వద్దులెండి. ముందు షూ లేసులు నేర్పాలి, రోజూ బస్సు టైముకి అదొక టెన్షన్.

బడి టీచర్:
కాలికి వేసిన షూకి కాదు, బల్ల మీద పెట్టిన షూకి కట్టనివ్వండి. రెండు రంగుల లేసులు ఎక్కించండి, ఏది ఎటు దూరిందో కనబడుతుంది. సెలవుల్లో తీరిగ్గా నేర్పండి, బస్సు హారన్ కొట్టే వేళ కాదు.