కాంట్రాక్టుకు లిమిటెడ్ కంపెనీ పెట్టాలా, అంబ్రెల్లాలో చేరాలా?

రెడింగ్_రవి:
అందరికీ నమస్కారం. బ్రిటన్‌లో ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చి నెలైంది, వీసా స్పాన్సర్ బెడద తీరింది. రోజుకు 450 పౌండ్ల మీద ఒక జావా కాంట్రాక్టు చేతికొచ్చింది. క్లయింటు 'అవుట్‌సైడ్ ఐఆర్35', అంటే ఉద్యోగి పన్ను నిబంధన నాకు వర్తించదని రాసిచ్చాడు. సొంత లిమిటెడ్ కంపెనీ పెట్టుకో అని కొందరు, ఆ తలనొప్పెందుకు అంబ్రెల్లాలో (మనల్ని ఉద్యోగిగా పెట్టుకుని, పన్నులు కోసి జీతమిచ్చే మధ్యవర్తి కంపెనీలో) చేరిపో అని కొందరు. మా ఆవిడకు ప్రస్తుతం ఉద్యోగం లేదు. ఏం చేయమంటారు?

పాతకాపు_స్లౌ:
తమ్ముడూ, ఇందులో అడగడానికేముంది? నేను 2009 నుంచి లిమిటెడ్‌లోనే ఉన్నా. ఏడాదికి జీతం 12,570 తీసుకో, మిగతాది డివిడెండు (కంపెనీ లాభంలో వాటా). అంబ్రెల్లాలో అయితే యజమాని కట్టాల్సిన 15 శాతం నేషనల్ ఇన్సూరెన్సు కూడా నీ రేటులోంచే కోస్తారు. పైగా సెలవు జీతం అని నీ డబ్బే నీకిచ్చి మురిపిస్తారు.

గొడుగు_కింద:
2009 కబుర్లు ఇప్పుడు చెల్లవు. డివిడెండు మీద మినహాయింపు 2016లో 5,000 ఉండేది, ఇప్పుడు 500. కంపెనీ లాభం 50,000 దాటితే ఆ పైదానికి 26.5 శాతం పడుతుంది. ఇక ఐఆర్35 సంగతి. కంపెనీ ముసుగులో ఉద్యోగిలా పనిచేస్తే ఉద్యోగి పన్నే కట్టాలనే నిబంధన అది. 2000లో వచ్చినప్పుడు ఎవరికి వాళ్లే తేల్చుకునేవాళ్లు. 2021 ఏప్రిల్ నుంచి పెద్ద, మధ్యస్థాయి క్లయింట్లయితే వాళ్లే తేల్చాలి. ఆ మార్చిలో నాకు ఏజెన్సీ ఫోను: అంబ్రెల్లాకు మారతావా, మానేస్తావా? పని అదే, కుర్చీ అదే, మేనేజరూ అతనే. నెలకు 120 చొప్పున అకౌంటెంటుకు పోసింది మాత్రం గంగలో కలిసింది.

పాతకాపు_స్లౌ:
120 ఎవరిమ్మన్నారండీ? నాకు 85కే చేస్తున్నారు, వ్యాటుతో సహా.

గొడుగు_కింద:
నేను చెప్పిందేంటి, మీరు పట్టుకున్నదేంటి?

పాతకాపు_స్లౌ:
35 పౌండ్ల తేడా, ఏడాదికి 420. చిన్న సంగతా?

కొత్తబిచ్చగాడు:
వ్యాటు తప్పదా అన్నా?

లెక్కలమాస్టారు:
తప్పదు. 220 రోజులు పనిచేస్తే 99,000 వస్తుంది. హద్దు 90,000.

గొడుగు_కింద:
పాతకాపు గారూ, ఇక దాచడమెందుకు. 2018లో స్లౌలో మీ ఇంటికి భోజనానికి పిలిచి నాచేత కంపెనీ పెట్టించింది మీరే. 2020లో కాంట్రాక్టు పోతే ఫర్లో (కోవిడప్పుడు ప్రభుత్వమిచ్చిన జీత సాయం) ఎంతొచ్చింది? నెల జీతంగా చూపించిన ఏడొందల చిల్లరలో 80 శాతం. డివిడెండుకు పైసా లేదు. అద్దె నెలకు 1,300. అప్పుడు మీకు మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

పాతకాపు_స్లౌ:
అప్పుడు నాకూ పని లేదు. ఎత్తి ఏం చెప్పమంటావు? కంపెనీలో నాలుగు నెలల డబ్బు ఉంచుకోమని ఆ భోజనం దగ్గరే చెప్పా. నువ్వు కారు కొన్నావు.

కొత్తబిచ్చగాడు:
అయ్యో, రవన్న ప్రశ్న ఎటు పాయె!

లెక్కలమాస్టారు:
రవి గారూ, ఆ 99,000 మీదే లెక్క వేశాను. డివిడెండుకు 2026 ఏప్రిల్ రేట్లు (10.75, పై శ్లాబుకు 35.75) తీసుకున్నాను. అకౌంటెంటు, బీమా కలిపి 3,000 ఖర్చు. అంబ్రెల్లాలో చేతికి సుమారు 60,000. లిమిటెడ్‌లో షేర్లన్నీ మీవే అయితే సుమారు 63,300. సగం షేర్లు మీ ఆవిడవైతే 71,300 పైచిలుకు. అంటే ఒంటరివాడికి మిగిలేది మూడు వేల చిల్లర, ఆ మూడు వేలకే ఏడాదంతా కాగితాలు. పెన్షన్లో వేసుకుంటే లెక్క ఇంకోలా ఉంటుంది, అది వేరే.

కొత్తబిచ్చగాడు:
అంటే ఎనిమిది వేలు వదిన సంతకానికే!

పాతకాపు_స్లౌ:
మొదట్నుంచీ నేననేది అదే. ఆర్కిటిక్ సిస్టమ్స్ కేసులో 2007లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పటి అత్యున్నత కోర్టు) కంపెనీ షేర్లు పంచుకుని పన్ను తగ్గించుకున్న భార్యాభర్తల వైపే తీర్పిచ్చింది. సగం షేర్లు ఆవిడ పేర రాసి సంతకం పెట్టించు, అంతే.

మిల్టన్‌కీన్స్_వాణి:
ఇన్నాళ్లూ చదివి ఊరుకునేదాన్ని. 'సంతకం పెట్టించు, అంతే' దగ్గర ఆగిపోయాను. నాచేత అలాగే పెట్టించారు. కాగితం మీద నేను సగం వాటాదారును, డైరెక్టర్ని కూడా. డివిడెండు నా పేర, పడేది ఆయన ఖాతాలో. లెక్కలు ఆలస్యంగా దాఖలు చేశారని 150 పౌండ్ల జరిమానా ఉత్తరం ఇంటికొస్తే తెలిసింది నేను డైరెక్టర్నని. ఆ కేసులో ఆవిడకిచ్చింది మామూలు షేరు, పూర్తిగా ఆవిడదే. ఇచ్చినట్టు రాసి డబ్బు మీరే ఉంచుకుంటే ఇచ్చినట్టెలా అవుతుంది?

పాతకాపు_స్లౌ:
అమ్మా, ఇంట్లో నీది నాది అని ఉంటాయా? పన్ను గురించి మాట్లాడుతుంటే మధ్యలో సంసారాలెందుకు?

మిల్టన్‌కీన్స్_వాణి:
నేను తేలేదండీ. ఆ ఎనిమిది వేలు సంసారం వల్లే మిగులుతున్నాయని పైన మాస్టారు లెక్క కట్టారు. మీ ఆవిడ డివిడెండు ఏ ఖాతాలో పడుతుంది?

కొత్తబిచ్చగాడు:
మాస్టారూ, కుర్చీ ఇటెయ్యండి.

గొడుగు_కింద:
వాణి గారడిగినదానికి జవాబు రాలేదు.

పాతకాపు_స్లౌ:
జాయింటు ఖాతా. యాప్ నా ఫోన్లో ఉంటుంది, ఆవిడకు ఆసక్తి లేదు.

మిల్టన్‌కీన్స్_వాణి:
అడిగారా?

రెడింగ్_రవి:
ఈ చర్చంతా మా ఆవిడకు చదివి వినిపించాను. షేర్లకు సరేనంది. కానీ తన పేర విడి ఖాతా కావాలట, రిటర్ను తనే చదివాక సంతకం పెడుతుందట. ఆ డబ్బుతో ముందు ఖమ్మంలో వాళ్ల నాన్నగారి కంటి ఆపరేషనట. సోమవారం ఏజెన్సీకి లిమిటెడ్ అనే చెప్తున్నా.

పాతకాపు_స్లౌ:
మంచిది తమ్ముడూ. 85 వాళ్ల నంబరు ఇన్‌బాక్సులో పెట్టా.