అమ్మానాన్నలతో జయాన్, గ్రాండ్ కేన్యన్: ఏ వరుసలో?

ప్రశ్న (బరంపురం): సెప్టెంబరులో అమెరికాలోని లాస్ వేగాస్‌లో దిగి, జయాన్ నేషనల్ పార్కు, గ్రాండ్ కేన్యన్ చూస్తూ కారులో వారం రోజులు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, పాపకి ఎనిమిదేళ్లు. ఎలా వేసుకోమంటారు?

రాయగడ: ముందు జయాన్, తర్వాత పేజ్ అనే ఊరు, చివర సౌత్ రిమ్, అంటే గ్రాండ్ కేన్యన్ దక్షిణపు అంచు. ఒక్కో మజిలీ రెండు మూడు గంటలే. జయాన్ లోయలోని రోడ్డులో సెప్టెంబరులో సొంత కారు పోనివ్వరు, షటిల్ బస్సే. పేజ్ పక్కనున్న ఇరుకు లోయ యాంటిలోప్ కేన్యన్‌కి గైడు తప్పనిసరి. అందులో లోయర్, అప్పర్ అని రెండు భాగాలు. లోయర్‌లో నిటారు ఇనుప నిచ్చెనలుంటాయి, నాన్నగారికి వద్దు. అప్పర్‌లో నేల చదునే గానీ బయటపడ్డాక మెట్ల దారి ఉంది. అడిగి బుక్ చెయ్యండి.

పర్లాకిమిడి: గడియారం జాగ్రత్త బాబూ. సెప్టెంబరులో, జయాన్ ఉన్న యూటా రాష్ట్రం టైము అరిజోనా రాష్ట్రం కంటే గంట ముందుంటుంది. పేజ్‌ది అరిజోనా టైమే, కానీ పక్కనున్న నవాహో ఆదివాసుల ప్రాంతానిది యూటా టైము. యాంటిలోప్ టూర్లు మాత్రం పేజ్ టైము ప్రకారమే. ఫోను ఆ టవర్ పట్టుకుందా, గంట ముందే వెళ్లి ఎండలో పడిగాపులు. ఫోన్లో టైమ్‌జోన్ ఫీనిక్స్ (అరిజోనా రాజధాని) అని మీరే పెట్టేయండి. నవాహో ప్రాంతంలోని మాన్యుమెంట్ వ్యాలీకి పోతే మాత్రం ఇది తిరగబడుతుంది, అక్కడ నడిచేది నవాహో టైమే కాబట్టి గంట ఆలస్యమవుతారు.

బరంపురం: నీళ్లు, బట్టలు?

రాయగడ: సౌత్ రిమ్ దాదాపు 7,000 అడుగులు, మన మహేంద్రగిరి కంటే ఎత్తు. రాత్రికి స్వెట్టర్లు కావాలి. లోయలోకి దిగితే వేడి పెరుగుతుంది, ఎక్కడానికి దిగినదానికి రెట్టింపు సమయం. ఉత్త నీళ్లే తాగితే ఒంట్లో ఉప్పు పడిపోతుంది, మిక్చరు పొట్లం ఉంచుకోండి. ఎగువన ఎక్కడో వాన పడినా ఇరుకు లోయల్లో వరద వచ్చిపడుతుంది. పైన ఆకాశం నిర్మలంగా ఉందని నమ్మకండి.